2024 వార్షిక నివేదిక: మతిమరుపు ఉన్న మన పెద్దవాళ్లతో క్రిస్మస్

ప్రియమైన సభ్యులందరికీ వందనాలు.

గుంటూరులో డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లను ఇంట్లో చూసుకుంటున్న మన కుటుంబాల సంఘం 2024లో చేసిన పనుల నివేదిక ఇది. ఎండలకు మే నెలలో తప్ప నెలవారీ కూటాలు ఆగలేదు. ప్రపంచ అల్జీమర్స్ దినం, సెప్టెంబర్ 21, శనివారం రావడంతో ఆ రోజు ఒక డాక్టర్ గారిని పిలిచి మాట్లాడించాం. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. ఆ రోజు కూటానికి రానివాళ్ల కోసం డాక్టర్ గారు చెప్పినవాటిలో రెండు మాటలు రాస్తున్నాను. థైరాయిడ్ సరిగా లేకపోయినా, విటమిన్ బి12 తగ్గినా మతిమరుపు రావచ్చు. అందుకని చాదస్తంలే అని వదిలేయకుండా ముందు రక్తపరీక్షలు చేయించాలి. నిన్నటిదాకా ఒకలా ఉన్న మనిషి ఒక్కరోజులో బాగా తికమకపడితే జబ్బు ముదిరిందనుకుని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా అలా అవుతుంది, వెంటనే చూపించాలి.

జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు. మిగిలిన నివేదికంతా డిసెంబర్ గురించే. కూటాల్లో మనం ఎక్కువగా కన్నీళ్లు పెట్టుకున్నది ఆ నెల గురించి మాట్లాడుకున్నప్పుడే.

2023 క్రిస్మస్‌కి మా ఇంట్లో జరిగింది అక్టోబర్ కూటంలో చెప్పాను. పండక్కి ఇల్లంతా రంగులు వేయించాం. నాన్నగారి మంచం కిటికీ దగ్గర నుంచి గోడవైపుకి జరిపాం. బాత్‌రూమ్ తలుపుకీ గోడ రంగే వేయించాం. గుమ్మానికి మినుకు మినుకుమనే సీరియల్ లైట్లు. సాయంత్రం ఐదున్నరకి చీకటి పడుతుంటే నాన్నగారు చెప్పులు వేసుకుని, "ఇక మన ఇంటికి పోదాం పదమ్మా" అన్నారు. నలభై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు అది. ఇదే మన ఇల్లని నేను వాదించేకొద్దీ ఆయనకి భయం పెరిగింది. రాత్రి బాత్‌రూమ్ తలుపు కనపడక గోడంతా చేత్తో తడుముకుంటూ నిలబడ్డారు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఆ కూటం నుంచే ఈసారి పండగను వాళ్లకు సరిపడా చేసుకోవాలన్న నిర్ణయం పుట్టింది. రంగులు వేయించినా మంచం కదపొద్దని, బాత్‌రూమ్ తలుపుకి గోడకన్నా బాగా ముదురు రంగు వేయించాలని, లైట్లు ఆరి వెలగకుండా నిలకడగా ఉంచాలని చెప్పుకున్నాం. స్టార్ మాత్రం ఎప్పటిలాగే కట్టాం. దాన్ని చూస్తే వాళ్లకి పండగ తెలుస్తుంది.

అసలు ఇబ్బంది క్యారల్స్ రౌండ్స్. యూత్ వాళ్లు రాత్రి పదింటికి బయల్దేరి తెల్లవారేదాకా డప్పులతో ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ సంతోషాన్ని తగ్గించాలని మనకి లేదు. నవంబర్‌లో పాస్టరుగారి సమక్షంలో కూర్చుని మాట్లాడితే పిల్లలు వెంటనే ఒప్పుకున్నారు: మన ఇళ్లకు మధ్యాహ్నం మూడున్నరకి, ఆరుగురే, డప్పు లేకుండా, రెండు పాత కీర్తనలు. పొద్దువాలితే మన పెద్దవాళ్లకి కంగారు ఎక్కువవుతుంది కాబట్టి ఆ వేళ పెట్టుకున్నాం.

మొదటి ఇంట్లోనే మన వల్ల పొరపాటు జరిగింది. క్రిస్మస్ తాత వేషం సంగతి ముందుగా చెప్పడం మర్చిపోయాం. ఆ ముసుగు చూసి పెద్దాయన హడలిపోయి చేతికర్ర ఎత్తారు. ఆ కుటుంబానికి ఇక్కడ మరోసారి క్షమాపణ చెబుతున్నాను. ఆ తర్వాత వెళ్లిన ఇళ్లలో ముసుగు లేదు. పిల్లలు ఒక్కొక్కరే పెద్దవాళ్లకి ఎదురుగా కూర్చుని, మెల్లగా పాడారు. కూతురి పేరే గుర్తులేని ఒక టీచరమ్మ కీర్తనలో నాలుగు చరణాలూ తప్పులేకుండా అందుకున్నారు. మూడో చరణం వదిలేసి ముందుకెళ్లబోయిన పిల్లల్ని ఆపి మరీ పాడించారు.

పిండివంటల రోజు కూడా ఆమె దగ్గరే కూర్చున్నాను. ముందు పిండి చూస్తూ ఊరికే ఉన్నారు. కూతురు చిన్న ఉండ చేసి అరచేతిలో పెట్టగానే ఆమె బొటనవేలు గవ్వల చెక్క మీద దానంతటదే కదిలింది. ఒత్తడం, జార్చడం, గవ్వ. పళ్లెం నిండేదాకా ఆపలేదు. నా గవ్వలు చూసి, "చెక్కకి కాస్త నూనె రాయమ్మా" అన్నారు. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వలేదు. షుగర్ ఉందని ఆమె వాటా వరకు బెల్లం పాకం పట్టకుండా కారం చల్లారు.

పండక్కి వచ్చే చుట్టాలకి మనం ముందే ఫోన్ చేసి చెప్పిన మాట బాగా పనిచేసింది. "నేనెవరో చెప్పు చూద్దాం" అని అడగొద్దు. తెలియక తలొంచుకున్న మనిషి ముఖం చూసినవాళ్లు మళ్లీ అడగరు. "అమ్మమ్మా, నేను మీ చిన్నమ్మాయి కొడుకుని, హైదరాబాద్ నుంచి వచ్చాను" అని మనమే చెప్పి పక్కన కూర్చోవాలి. పోయిన భర్త కోసం "ఆయన ఇంకా చర్చి నుంచి రాలేదా" అని అడిగితే, పోయారు కదా అని ప్రతిసారీ గుర్తుచేయొద్దు. విన్న ప్రతిసారీ ఆమెకి అది ఇప్పుడే తెలిసిన కబురు. ఆయన గురించి ఒక మాట చెప్పమని అడగండి, చెబుతారు.

అమెరికా నుంచి పది రోజులకి వచ్చే బిడ్డలకి ఒక మనవి. "నాన్న బాగానే ఉన్నాడుగా" అని వదినతో అనకండి. వచ్చిన రాత్రే నిద్ర పట్టదు కదా, ఆ రాత్రి మీరు నాన్న దగ్గర కూర్చుని ఆమెని పడుకోనివ్వండి.

ఈ ఏడాది నాకు ఎక్కువ తృప్తినిచ్చిన పని వంతులు. 25 తెల్లవారుజామున సభ్యులు రెండేసి గంటలు ఇళ్ల దగ్గర ఉండి, చూసుకునేవాళ్లని ఆరాధనకి పంపారు. మూడేళ్లుగా గుడి గడప తొక్కని ఒక కోడలు కొత్త చీరలో వచ్చి, చివరిదాకా కూర్చున్నారు. ఆ ఇంట్లో వంతు కాసింది వీధిలోని ముస్లిం కుటుంబం. వాళ్లకి సంఘం తరఫున కృతజ్ఞతలు.

పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 నంబర్‌ని ఫ్రిజ్ మీద అంటించుకోండి.

2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న. సూర్యోదయ ఆరాధన కాబట్టి వంతులు తెల్లవారుజామున మూడున్నరకే మొదలుపెట్టాలి. ఇప్పటికి నాలుగు పేర్లే వచ్చాయి. ఇంకో ఆరుగురు కావాలి. పట్టిక ఈ రోజు బల్ల మీద పెట్టాను, వెళ్లేముందు పేరు రాయండి.

కార్యదర్శి