గ్లోస్టర్ కిట్ తోకలో తప్పు నాదే, కొత్త తోక పంపుతున్నాను

అందరికీ నమస్కారం. పోయిన నెల మా దగ్గర 1/48 స్కేలు గ్లోస్టర్ ఈ.28/39 విమానం మోడల్ కిట్ తీసుకున్న 38 మందికీ ఒక విషయం చెప్పాలి. రెండో బ్యాచ్ కోసం ఎదురు చూస్తున్నవాళ్లు కూడా చదవండి, ఆలస్యం దీనివల్లే.

విజయవాడ నుంచి ఒక కస్టమర్ ఫోన్ చేసి, "బాక్స్ మీద 1941 మే 15 అని వేశారు కదండీ, మరి తోక మీద ఆ రెండు చిన్న ఫిన్లు (నిలువు రెక్కలు) ఎక్కడివి?" అని అడిగారు. ఫోటోలన్నీ మళ్లీ తీసి చూశాను, ఆయన చెప్పిందే కరెక్ట్. 1941 మే 15 సాయంత్రం క్రాన్‌వెల్‌లో పైలట్ గెర్రీ సేయర్ బ్రిటన్ మొదటి జెట్‌ను 17 నిమిషాలు ఎగరేసినప్పుడు అడ్డ తోక మీద ఏమీ లేదు, ఆ ఫిన్లు ఎక్కువ వేగంలో నిలకడ కోసం తర్వాత బిగించినవి. నేను డిజైన్ చేసేటప్పుడు ముందు పెట్టుకున్నవి ఎక్కువగా ఆ తర్వాతి ఫోటోలు, తేదీ సరిచూసుకోకుండా బాక్స్ ప్రింట్‌కి ఇచ్చేశాను.

కోసేసి సాండ్ పేపర్ పట్టుకోండి అని మీకు చెప్పడం నాకు ఇష్టం లేదు. అక్కడ రెసిన్ మిల్లీమీటరు మందం కూడా లేదు, నేను రెండు కోసి చూస్తే ఒకదాని అంచు చిట్లిపోయింది. అందుకే ఫిన్లు లేని తోక విడిగా ప్రింట్ చేసి అందరికీ ఉచితంగా పంపుతున్నాను, కొరియర్ ఖర్చు కూడా నాదే.

ఇంకోటి, మోడల్ ముందు చక్రం లేచి వెనక్కి, తోక మీద కూర్చుంటోందని నలుగురైదుగురు చెప్పారు. ముందు చక్రం ఉన్న ఏ విమానం మోడల్‌కైనా ముక్కులో బరువు వేస్తాం, కానీ దీని ముక్కే గాలి పీల్చే రంధ్రం, అక్కణ్ణుంచి దారి రెండుగా చీలి కాక్‌పిట్‌కి అటూ ఇటూ వెళ్లి వెనకున్న విటిల్ జెట్ ఇంజిన్‌కి చేరుతుంది, ఇక బరువు ఎక్కడ పెడతాం? గాలానికి కట్టే చిన్న సీసం గుండ్లు తెచ్చి సుత్తితో పల్చగా కొట్టి, ఆ గాలి దారి (డక్ట్) గోడకీ బయటి తొడుగుకీ మధ్య సందులో, సీటుకి ముందువైపునే సూపర్ గ్లూతో అతికించండి. ముందు టేపుతో అంటించి చక్రాల మీద నిలబెట్టి చూసుకోండి, ఒకసారి బాడీ మూసేస్తే మళ్లీ తెరవలేం. రెండో బ్యాచ్‌లో ఆ సందు కొంచెం పెద్దది చేశాను, సీసం కూడా బాక్స్‌లోనే వేస్తున్నాను, అందుకని ధర 120 రూపాయలు పెరుగుతుంది. వచ్చే నెల 10 తర్వాతే పంపగలను. ఆగలేమనుకునేవాళ్లకి అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాను, మొహమాటపడకండి.

హైంకెల్ హెచ్ఈ 178 ఎప్పుడని చాలామంది అడుగుతున్నారు. 1939 ఆగస్టు 27న ఎగిరిన ఆ ప్రపంచపు మొట్టమొదటి జెట్ విమానం అంటే నాకు ప్రాణం, కానీ అసలు విమానం యుద్ధంలో బాంబు దాడిలోనే పోయింది, వెళ్లి కొలుచుకునే వీలు లేదు. గ్లోస్టర్ అయితే లండన్ సైన్స్ మ్యూజియంలో కళ్లెదుటే ఉంది, అయినా తోక తప్పు చేశాను. కాబట్టి నమ్మదగ్గ డ్రాయింగులు చేతికొచ్చేదాకా హైంకెల్ ఆర్డర్లు తీసుకోను.

తోక ఇప్పటికే అతికించేసినవాళ్లు దయచేసి పీకకండి. ఫిన్లతో ఉన్నది తర్వాతి రోజుల డబ్ల్యూ4041గా (అదే గ్లోస్టర్ విమానం సీరియల్ నంబర్) సరైనదే, స్టాండ్‌కి తేదీ లేని కొత్త పేరు పలక పంపుతాను. తోక కావాలా, పలక కావాలా, ఆర్డర్ నంబర్‌తో వాట్సాప్ చేయండి.