పర్యావరణ శాఖ మంత్రి గారికి: ఫ్యాక్టరీ గోడ లోపలి వాన నీటి గుంట గురించి

మంత్రి గారికి నమస్కారాలు.

మాది నక్కవాగు ఒడ్డున ఉన్న ఊరు. పటాన్‌చెరు, బొల్లారం వైపు నుంచి వచ్చే నీళ్లు మా పొలాల పక్క నుంచే వెళ్లి మంజీరలో కలుస్తాయి. ఆ వైపే ఒక మందుల ఫ్యాక్టరీలో, యుటిలిటీ విభాగంలో పదకొండేళ్లు పనిచేశాను. గోడకు లోపలా బయటా ఏం జరుగుతుందో రెండూ కళ్లారా చూసినవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

కాలుష్యం అనగానే అందరూ ఈటీపీ, అంటే ఫ్యాక్టరీ వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంటు గురించే అడుగుతారు. వాన నీటి గుంట ఊసెత్తేవాళ్లు తక్కువ. ఎండాకాలమంతా షెడ్ల పైకప్పుల మీద పేరుకున్న పొడి, డ్రమ్ముల యార్డులో కారిన సాల్వెంటు, ట్యాంకర్లు ఆగే చోట పడిన నూనె, ఇవన్నీ తొలి వానకు కడుక్కుని కాలువలో పడతాయి. ఆ నీటిని గుంటలో ఆపాలి, పరీక్ష చేయాలి. బాగుంటే బయటికి, లేకపోతే ఈటీపీకి. గుంట కట్టించింది అందుకే.

లెక్క చూడండి. ఒక ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 40 వేల లీటర్లు. మా ఫ్యాక్టరీ 20 ఎకరాలు, చాలావరకు సిమెంటు నేల, రేకుల కప్పు. అంటే దగ్గర దగ్గర 8 లక్షల లీటర్లు. గుంట 100 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు, పట్టేది ఎనిమిదిన్నర లక్షలు. కట్టినవాళ్లు లెక్క తప్పలేదు. కానీ నేను మానేసే నాటికి అందులో మూడడుగులు బురదే. మిగిలింది సుమారు 3.4 లక్షల లీటర్ల చోటు. కాగితం మీద మాత్రం ఇప్పటికీ ఎనిమిదిన్నర లక్షలే ఉండి ఉంటుంది.

ఒక ఆగస్టు రాత్రి షిఫ్టులో ఉన్నాను. వాన మొదలైన అరగంటకే గుంట నిండింది. వాల్వు తిప్పుదామని వెళ్తే చక్రం తుప్పు పట్టి కదల్లేదు. గట్టు మీది నుంచి నీళ్లు పొర్లి గోడ కింది తూము గుండా బయటికి పోతుంటే టార్చి వేసి చూశాను. తేనె రంగు నీళ్లు, పైన నురగ. షిఫ్టు ఇన్‌చార్జికి చెబితే, వాన నీళ్లే కదా అన్నాడు. తెల్లారి ఇంటికి వెళ్లేసరికి మా నాయిన బర్రెలను వాగు దగ్గర్నుంచి వెనక్కి తోలుకొస్తున్నాడు. మూతి పెట్టి, తాగకుండా తల తిప్పుకున్నాయట. నేను పనిచేసే చోటి నీళ్లేనని ఆయనకు ఆ రోజు చెప్పలేకపోయాను.

పూడిక ఎందుకు తీయరంటే ఖర్చు. ఆ బురదను పరీక్ష చేయించి, ప్రమాదకరమని తేలితే దుండిగల్‌లోని వ్యర్థాల కేంద్రానికి పంపాలి. టన్ను లెక్కన డబ్బు కట్టాలి. అందుకే ఒకసారి పైపైన తీయించి అదే ఆవరణలో గోడ పక్కన పోశారు. తర్వాతి వానకు అదంతా మళ్లీ గుంటలోకే జారింది.

గుంట ప్రైవేటు స్థలంలో ఉందని మీ అధికారులు వెనకాడాల్సిన పని లేదు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 23వ సెక్షను లోపలికి వెళ్లి తనిఖీ చేసే అధికారం కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చింది. స్థలం వాళ్లదే కావచ్చు, తూము దాటిన నీళ్లు మావి. ఈ ప్రాంతం గోడు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది, 2017లో హరిత ట్రిబ్యునల్ తీర్పు కూడా వచ్చింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారి లాంటివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడిన నేల ఇది. ఇన్నేళ్ల తర్వాత కూడా మేం వానాకాలం వస్తోందంటే భయపడుతున్నాం.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. ప్రతి గుంటలో అడుగుల గుర్తులు వేసిన స్తంభం ఒకటి నాటించండి. బురద ఎంతుందో, నీళ్లెంతున్నాయో అది చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మే నెలాఖరుకు పూడిక తీసినట్టు, ఆ బురద ఎక్కడికి పంపారో రసీదుతో సహా చూపిస్తే తప్ప సీఎఫ్‌ఓ, అంటే ఫ్యాక్టరీ నడపడానికి మండలి ఇచ్చే అనుమతి, రెన్యువల్ చేయకండి. వాల్వు తిప్పి చూపించమనండి. తనిఖీకి ఎండ కాసే రోజున కాక, వాన పడుతుండగా, తూము బయట సీసా పట్టుకుని మీ వాళ్లను పంపండి. ఆ సమయంలో మా ఊరి పంచాయతీ కార్యదర్శిని కూడా పిలవండి.

ఉత్తర్వులు ఉగాదిలోపు రావాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. టెండరు పిలిచి, బురద పరీక్ష చేయించడానికే నెలన్నర పడుతుంది. మే నెలలో గుంట అడుగు ఎండి ఉంటుంది, జేసీబీ దిగుతుంది. ఒక్క వాన పడిందంటే మళ్లీ ఏడాది దాకా దిగదు.

ఇట్లు,
నక్కవాగు ఒడ్డు రైతు కుటుంబం నుంచి ఒక మాజీ ఫ్యాక్టరీ ఉద్యోగి