అండమాన్ పాత చార్టులను బీరువాల్లోంచి బయటికి తీయండి

సంపాదకులకు,

2018లో రాస్, నీల్, హావ్‌లాక్ దీవుల పేర్లు మారాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పేర్లు మార్చడం మంచిదా కాదా అని వాదించుకోవడానికి చాలామందే ఉన్నారు, నేను అందులోకి పోను. ఆ ఊరికి మొన్నటిదాకా ఎవరి పేరు ఉందో ఆ బ్లెయిర్, అతని ముందూ వెనకా వచ్చిన సర్వేయర్లు గీసిన సముద్ర చార్టుల గురించే ఈ ఉత్తరం.

ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈస్టిండియా కంపెనీ నౌకాదళమైన బొంబాయి మెరైన్‌లో లెఫ్టినెంట్. 1788 చివర్లో వెళ్ళి 1789 వేసవి దాకా అండమాన్ తీరం సర్వే చేశాడు. ఆ ఏడే ఇప్పటి శ్రీ విజయపురం రేవులోని చాథం దీవి దగ్గర ఈస్టిండియా కంపెనీ స్థావరం వెలిసింది. 1792లో దాన్ని ఉత్తర అండమాన్‌కు మార్చారు, జబ్బులు తట్టుకోలేక 1796లో ఎత్తేశారు. 1857 తిరుగుబాటు తర్వాత ఖైదీలను ఉంచే చోటు వెతుక్కుంటూ మళ్ళీ వచ్చి స్థిరపడింది మాత్రం బ్లెయిర్ మొదట ఎంచిన రేవులోనే. కాబట్టి ఈ చార్టులు అమాయకమైనవేం కావు. ఓడకు లంగరెక్కడ, మంచినీళ్ళెక్కడ, కలప ఎక్కడ అన్నదే వాటి ధ్యాస. వేల ఏళ్ళుగా అక్కడున్న మనుషుల ఊళ్ళూ దారులూ వాటిలో వెతికినా పెద్దగా దొరకవు.

అయినా అవి మనకు కావాలి. ఆ రోజుల్లో లోతు కొలవడమంటే తాడుకు సీసపు గుండు కట్టి పడవలోంచి వదలడమే. గుండు అడుగున కొవ్వు పూసేవారు. ఇసకో బురదో పగడపు ముక్కో దానికి అంటుకుని పైకొచ్చేది. లోతు ఎన్ని బారలో, అడుగున ఏముందో చార్టులో ఆ చోటే రాసేవారు. బార అంటే ఆరడుగులు, మన మత్స్యకారులకు చెప్పనక్కర్లేదు. అంటే రెండు వందల ఏళ్ళ కిందట ఏ దిబ్బ పోటుకు మునిగి ఆటుకు తేలేదో, ఏ పాయలో పడవ నడిచేదో కాగితం మీద ఉంది.

2004 డిసెంబరు 26 భూకంపం తర్వాత దీని విలువ పెరిగింది. ఆ రోజు దీవులన్నీ ఒక్క తీరుగా కదల్లేదు. ఉత్తర సెంటినెల్ చుట్టూ పగడపు దిబ్బలు పైకి లేచి ఎండిపోయాయి. పోర్ట్ బ్లెయిర్ వైపు నేల కుంగింది, సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు మళ్ళీ పోలేదు. గ్రేట్ నికోబార్ దక్షిణ కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి, లైట్‌హౌస్ నీళ్ళలో నిలబడింది. 1881లో కార్ నికోబార్ దగ్గర, 1941లో అండమాన్‌లో కూడా పెద్ద భూకంపాలు వచ్చాయి. వాటికి ముందూ తర్వాతా తీరం ఎక్కడుందో పోల్చి చూడాలంటే ఉపగ్రహ చిత్రాలు లేవు, ఈ చార్టులే దిక్కు. బ్లెయిర్ తాడు సెంటీమీటర్లు చెప్పదు, ఆనాటి రేఖాంశాల్లోనూ తేడాలుంటాయి. కానీ మీటర్ల లెక్కలో లేచిందో కుంగిందో తెలుసుకోవడానికి అది చాలు.

ఇప్పుడు గ్రేట్ నికోబార్‌లోని గలాథియా బేలో భారీ కంటెయినర్ పోర్టు కట్టాలనుకుంటున్నారు. ఆ పేరు 1840లలో అక్కడికొచ్చిన డెన్మార్క్ ఓడది. తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో స్థావరమున్న డేన్‌లు (డెన్మార్క్ వాళ్ళు) 1756 నుంచీ నికోబార్ తమదని చెప్పుకున్నారు, 1868లో బ్రిటిష్‌వాళ్ళకు అమ్మేశారు. 1858లో ఆస్ట్రియా వాళ్ళ ఓడ నొవారా వచ్చి వెళ్ళింది. కాబట్టి మన దీవుల చరిత్రలో కొంత కోపెన్‌హాగెన్‌లో, కొంత వియన్నాలో ఉంది. కాంక్రీటు పోసే ముందు ఆ తీరం పాత రూపం చూసుకోవద్దా? తాబేళ్ళు గుడ్లు పెట్టే ఆ ఇసక తిన్నె 2004లో ఒకసారి కొట్టుకుపోయి మళ్ళీ పేరుకున్నదే.

భద్రత మాటేమిటని అడుగుతారు. సీసపు గుండుతో తీసిన లోతులతో ఈ కాలపు శత్రువుకు ఒరిగేదేమీ లేదు. పైగా అలాంటి చార్టులు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఎవరైనా చూడొచ్చు. పాత పటాల నకళ్ళు గోడకు తగిలించుకునే అలంకారాలుగానూ అమ్ముడవుతుంటాయి. కొత్త మ్యాపుల నిబంధనలనే కేంద్రం 2021 ఫిబ్రవరిలో సడలించింది, పాతవాటికి ఇంత టెన్షన్ ఎందుకు?

ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం తన పోర్టల్‌లో పాత ఫైళ్ళు పెడుతూనే ఉంది. దీవుల చార్టులను పూర్తి సైజులో, లోతు అంకెలు చదవగలిగేలా స్కాన్ చేయాలి. డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు వాటిని నేటి అక్షాంశ రేఖాంశాలకు సరిపెట్టి ఉచితంగా విడుదల చేయాలి. పాత పేరూ కొత్త పేరూ పక్కపక్కన ఇవ్వాలి, లేకపోతే పిల్లలు చాథం స్థావరం ఎక్కడో వెతుక్కోలేరు. అక్కడి ఆదివాసులైన నికోబారీలూ షోంపెన్‌లూ తమ చోట్లను ఏమని పిలుస్తారో వాళ్ళు చెప్పడానికి ఒప్పుకున్నంత మేర అదీ చేర్చాలి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి అక్కడ వేట చేసుకుంటున్న మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వివరణ తెలుగులోనూ ఉండాలి.

ఆ పని సాగితే తర్వాత మన కోరంగి, మచిలీపట్నం రేవుల చార్టులు చేపట్టాలి. ఆ తీరాన్ని పద్దెనిమిదో శతాబ్దం చివర్లో సర్వే చేసిన మైకేల్ టాపింగ్ కాగితాలకూ ఇలా బీరువాల్లోనే ఉండిపోయే గతి పట్టకూడదు.

ఇట్లు,
భూగోళం చెప్పి రిటైరైన ఒక పాఠకుడు,
విశాఖపట్నం