సయాం రాజుగారి పంతులమ్మ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది, ఆలస్యానికి ఏమనుకోకు. నిన్న రాత్రి ‘అన్నా అండ్ ది కింగ్’ మళ్ళీ చూశాను. జోడీ ఫాస్టర్, చౌ యున్ ఫ్యాట్ చేశారే, 1999లో వచ్చింది, అదే. తెల్లార్లూ నిద్ర లేదు. నీతో చెప్పుకుంటే గానీ మనసు కుదుటపడేలా లేదు.

కథ తెలిసిందేగా. భర్త పోయిన దొరసాని కొడుకును వెంటబెట్టుకుని 1862లో బ్యాంకాక్‌లో దిగుతుంది, సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజు మోంగ్‌కుట్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి. విడిగా ఇల్లిస్తానన్నారు, ఏదీ అని రాజుతోనే పేచీ! చిన్న రాకుమారి ఫా-యింగ్ కలరాతో పోయే చోట మాత్రం నా వల్ల కాలేదురా. నిజంగానే ఆ పాప 1863లో కలరాతోనే పోయింది. సినిమాలో ఆ తండ్రి మొహం ఇంకా కళ్లలోనే ఉంది.

ఇంతకీ ఆ దొరసాని అన్నా లియోనోవెన్స్ ఎక్కడ పుట్టిందనుకున్నావ్? మన దేశంలోనే, అహ్మద్‌నగర్‌లో, 1831లో. వేల్స్‌లో పుట్టాననీ, భర్త సైన్యంలో ఆఫీసరనీ జీవితమంతా చెప్పుకుంది. ఆయన చేసింది గుమాస్తా పని. తర్వాత మలేషియాలోని పెనాంగ్‌లో హోటల్ నడుపుతూ 1859లో పోయాడు. ఆమె అబద్ధమాడిందని నాకు కోపం రాలేదురా. ఇద్దరు పసిపిల్లలతో ఒంటరి మనిషి. ఉన్నదున్నట్టు చెబితే ఆనాటి తెల్లవాళ్లు గడప తొక్కనిచ్చేవారా? ఎవరి ముందూ నోరు జారకుండా అన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చిందో! సినిమా ఆ జోలికే పోలేదు. నాకైతే అసలు కథ అదే.

రాజుగారికీ అన్యాయమే జరిగింది. ఇదే కథతో 1956లో వచ్చిన ‘ది కింగ్ అండ్ ఐ’లో యూల్ బ్రిన్నర్ వేసిన రాజు మరీ చిన్నపిల్లాడిలా ఉంటాడు. అసలాయన 27 ఏళ్లు బౌద్ధ భిక్షువుగా ఉండి, పాళీ, లాటిన్, ఇంగ్లీషు, ఖగోళం నేర్చుకుని 1851లో గద్దెనెక్కిన పండితుడు. 1999 సినిమాకి థాయిలాండ్ షూటింగుకే ఒప్పుకోలేదు, మలేషియాలో తీశారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది.

ఇంకోటి వినరా. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఆయన తనే లెక్కగట్టి, చూడటానికి దక్షిణాన వా కో అనే ఊరికి దొరల్ని కూడా పిలిచాడు. అదే గ్రహణాన్ని మన గుంటూరులో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ (వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరం) పెట్టుకుని చూశాడు! మన ఊరు దాటి వెళ్లిన నీడే ఆ పూట రాజుగారి మీదా పడింది. వా కోలో పట్టిన మలేరియాతోనే రాజుగారు అక్టోబరు 1న కన్నుమూశాడు. పంతులమ్మ అంతకు ముందు ఏడాదే వెళ్లిపోయింది.

పండక్కి వస్తావుగా, కలిసి చూద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రాఘవ