పాత జాబితాలే పూర్వీకులకు సాక్ష్యం

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని చెరోకీ అనే ఆదివాసీ తెగ స్వపరిపాలనా వ్యవస్థ అయిన చెరోకీ నేషన్‌లో పౌరసత్వం కోరేవారు, ప్రధానంగా 1898–1906 మధ్య అమెరికా ప్రభుత్వం తెగ సభ్యుల పేర్లతో తయారు చేసిన డాస్ జాబితాలో తమ పూర్వీకుల పేరు ఉందని, అక్కడి నుంచి తమ వరకు ప్రతి తరాన్నీ పత్రాలతో నిరూపించాలి. చెరోకీ వంశమని చూపేందుకు డీఎన్ఏ పరీక్ష చెల్లదు. ఆ జాబితా 1907లోనే ముగిసింది కనుక, అందులో చేరని కుటుంబాలకు ఇంట్లో చెప్పుకునే చరిత్ర ఎంత నిజమైనా దారి లేదు. చెరోకీల దగ్గర ఒకప్పుడు బానిసలుగా ఉన్నవారిని ‘ఫ్రీడ్‌మెన్’ అంటూ వేరుగా నమోదు చేసినందువల్ల, వారి వారసులు పౌరసత్వం కోసం 2017 దాకా కోర్టుల్లో పోరాడవలసి రావడం చాలా బాధాకరం.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని యానాది, ఎరుకల, సుగాలీ కుటుంబాలకూ కుల ధ్రువీకరణ వేళ తాతల నాటి బడి రిజిస్టరో, భూమి కాగితమో ఆధారమవుతుంది. చెదలు పట్టకముందే వాటిని స్కాన్ చేయించి, పేరుతో వెతికే వీలు కల్పించాలని, కాగితం లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తును తోసిపుచ్చక ఊరికి వెళ్లి విచారించాలని రెవెన్యూ అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తిరుపతి