గ్రాఫిక్స్ కార్డు అమ్మేముందు మీ ఎస్ఎంపీఎస్ చూస్తాం

నెల్లూరు టౌన్ నుంచీ, కావలి, గూడూరు, ఆత్మకూరు, కందుకూరు వైపుల నుంచీ మా షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మా దగ్గర ఒక పద్ధతి మారుతోంది. వాడుతున్న కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు కావాలని ఎవరొచ్చినా, ముందు అందులో ఉన్న ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపల అన్ని భాగాలకీ కరెంటు అందించే డబ్బా) చూస్తాం. చూడకుండా కార్డు అమ్మం. మీరు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కార్డయినా సరే, చూడకుండా బిగించం. "డబ్బులిస్తామంటే వద్దంటారేంది" అని ఇప్పటికే కొందరు అడిగారు. అడగాల్సిందే. అందుకే కారణం వివరంగా రాస్తున్నా.

మొన్న పెళ్లిళ్ల సీజన్లో కావలి వైపు నుంచి ఒక ఫొటో స్టూడియో ఆయన సిస్టమ్ పట్టుకొచ్చారు. ఐ5 12400 ప్రాసెసర్, కొత్తగా వేయించుకున్న ఆర్‌టీఎక్స్ 3060 కార్డు. ఆల్బమ్ డిజైన్ చేసుకున్నంతసేపూ బాగానే ఉంటుంది. పెళ్లి వీడియో రెండర్‌కి (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియో ఫైలుగా తయారు చేయడానికి) పెట్టగానే ఠక్కున ఆగి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతుంది. విండోస్ మళ్లీ వేయించారు, ర్యామ్ మార్పించారు, కార్డే పాడైందని తేల్చుకున్నారు. పెళ్లివాళ్లేమో వీడియో ఎప్పుడిస్తావని రోజూ ఫోన్.

సైడు డోరు తీస్తే విషయం అక్కడే ఉంది. ఎస్ఎంపీఎస్ మీద పెద్ద అంకెల్లో 500 అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక పట్టిక. అందులో 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు అని ఉంది. 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. కార్డు ఒక్కటే 170 వాట్లు తీసుకుంటుంది. ఆ ప్రాసెసర్ పూర్తి జోరు మీదున్నప్పుడు 117 వాట్ల దాకా పోతుంది. మదర్‌బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఇంకో నలభై యాభై వేసుకోండి. 330 వాట్లు అడుగుతున్న చోట 216 ఇచ్చేది పెట్టారు. పైగా కార్డుకి కావలసిన 8 పిన్ కేబుల్ ఆ ఎస్ఎంపీఎస్‌లో లేకపోతే, హార్డ్‌డిస్కులకిచ్చే పాత నాలుగు పిన్నుల కనెక్టర్ల నుంచి అడాప్టర్ వేసి లాగారు. ఆ అడాప్టర్ తెల్ల ప్లాస్టిక్ టీ రంగుకి తిరిగింది, పసుపు వైరు మొదట్లో గట్టిపడి నల్లగా అయింది. ఇంకో సీజన్ అట్టాగే నడిపుంటే ఏమయ్యేదో ఆ వైరు చూస్తేనే తెలుస్తోంది. కార్డులో ఏ లోపమూ లేదు. మంచి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ వేశాక రెండర్ సాఫీగా పూర్తయింది.

మరి 500 అనే అంకె ఎక్కడిది అంటారా? ఎస్ఎంపీఎస్ లోపల్నుంచి 3.3, 5, 12 వోల్టుల లైన్లు విడివిడిగా వస్తాయి. బాగా పాత కంప్యూటర్లలో ప్రాసెసర్ కూడా 5 వోల్టుల లైను మీద బతికేది. ఇప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల మీదే ఆధారపడతాయి. చవక యూనిట్లలో పాత డిజైనే ఇంకా నడుస్తోంది. మిగతా లైన్ల సత్తువ కూడా కలిపి బయట పెద్ద అంకె వేస్తారు, ఆ సత్తువ మన కార్డుకి అందదు. కొన్నిట్లో అన్ని లైన్లూ కలిపినా ఆ అంకె రాదు. కేబినెట్‌తో పాటు ఊరికే వచ్చే ఎస్ఎంపీఎస్‌ల పరిస్థితి ఎక్కువగా ఇదే. అందుకే అట్టాంటివి తెప్పించడం మానేశాం. ఇకనుంచి మా దగ్గర కేబినెట్ వేరు, ఎస్ఎంపీఎస్ వేరు. అసెంబుల్డ్ సిస్టమ్ రేటు కాస్త పెరిగినట్టు కనిపిస్తుంది, కారణం ఇది.

ఇంట్లో మీరే చూసుకోవచ్చు. స్విచ్ కట్టేసి, ప్లగ్గు పీకి, ఎడమ సైడు డోరు తీయండి. లేబుల్ మీద 12 వోల్టుల ఆంపియర్లు చూసి 12తో గుణించండి. కార్డు వాట్లు, ప్రాసెసర్ గరిష్ఠ వాట్లు, పైన ఓ యాభై కలిపి, ఆ మొత్తం గుణకారంలో వచ్చినదాంట్లో మూడింట రెండు వంతులు దాటకుండా ఉంటే నిశ్చింతగా వేసుకోండి. 12 వోల్టుల గడులు రెండుంటే రెండిటి ఆంపియర్లూ కూడొద్దు, రెండూ కలిపి ఎన్ని వాట్లో పక్కన వేరే రాసుంటుంది, అదే లెక్క. ఎస్ఎంపీఎస్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవుంటుంది.

మూడింట రెండు వంతులే ఎందుకంటే, కార్డు మీద రాసే వాట్లు సగటు లెక్క. సెకనులో వెయ్యో వంతు సేపు అంతకు బాగా ఎక్కువ గుంజుతుంది. రొయ్యల చెరువులున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. జనరేటర్ మీద ఎంత కేవీఏ అని రాసున్నా, ఏరియేటర్లన్నీ ఒక్కసారి స్టార్టయినప్పుడు తట్టుకుంటుందా లేదా అన్నదే అసలు పరీక్ష. ఎస్ఎంపీఎస్‌ల తయారీకి 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో ఈ తాకిడికని ప్రత్యేకంగా నిబంధనలు పెట్టారు. కొత్తది కొనేవాళ్లు డబ్బా మీద ఆ మాట ఉందేమో చూడండి. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అని ఎస్ఎంపీఎస్ మీద ఉండే స్టిక్కర్లు కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతాయి గానీ సత్తువ ఎంతో చెప్పవు. అయితే ఆ పరీక్షలో పూర్తి లోడు మీద కూడా నడిపి చూస్తారు. కాబట్టి నిజమైన స్టిక్కర్ ఉన్నదాంట్లో వాట్ల అంకెని చాలావరకు నమ్మొచ్చు.

మన ఊరి ఎండ సంగతి వేరే చెప్పాలి. మంచి కంపెనీలు 40 లేదా 50 డిగ్రీల వేడిలో ఎన్ని వాట్లివ్వగలదో అదే రాస్తాయి. చవకవాటి అంకె చాలావరకు 25 డిగ్రీల దగ్గరిది. రోహిణి కార్తెలో నెల్లూరులో, ఏసీ లేని గదిలో, గోడకి ఆనించిన కేబినెట్ లోపల 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? చలికాలమంతా బాగా నడిచి ఎండాకాలంలో రీస్టార్టులు మొదలైన సిస్టమ్స్‌కి ముందు ఇదే చూడాలి.

యూపీఎస్ గురించి కూడా చాలామందికి తెలియడం లేదు. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే. పెద్ద కార్డు వేసి, దానిమీదే మానిటర్ కూడా పెట్టి గేమ్ ఆడుతున్నప్పుడు కరెంటు పోతే యూపీఎస్ చేతులెత్తేస్తుంది. అప్పుడు తప్పు ఎస్ఎంపీఎస్‌ది కాదు, దాన్ని మార్చుకుని డబ్బులు పోగొట్టుకోవద్దు. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు వెనక ఉండే స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ ఆఫీసు కంప్యూటర్లు కొన్న ఇంజినీరింగ్ పిల్లలకి ఒక మాట. మంచి కంప్యూటర్లే, చదువుకునేదానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. కానీ డెల్ ఆప్టిప్లెక్స్ 7010 చిన్న కేబినెట్‌లో ఉండేది 240 వాట్ల ఎస్ఎంపీఎస్, కార్డుకని వేరే కేబుల్ రాదు. 9020లో మదర్‌బోర్డు కనెక్టరే వేరు, మామూలు 24 పిన్ కాదు. చిన్న కేబినెట్‌లో బజారులో దొరికే ఎస్ఎంపీఎస్ అసలు పట్టదు. వీటికి స్లాట్ (మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే చోటు) నుంచే కరెంటు తీసుకునే కార్డు వేసుకోవాలి. స్లాట్ ఇచ్చేది 75 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది 70 వాట్లు, ఎక్కువ మోడల్స్‌కి వేరే కేబుల్ అక్కర్లేదు. అదే 3050లో 8 జీబీది 130 వాట్లు, కేబుల్ తప్పదు. పేరొక్కటే, కార్డులు వేరు. చిన్న కేబినెట్‌కైతే సగం ఎత్తు కార్డే కావాలి, ఇది కూడా చూసుకుని ఆర్డర్ పెట్టండి.

మేం ససేమిరా ఒప్పుకోనిది సాటా (ఇప్పటి హార్డ్‌డిస్కులకి కరెంటిచ్చే కనెక్టర్) నుంచి కార్డు 6 పిన్‌కి మార్చే అడాప్టర్. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టుల మీద వచ్చేది 54 వాట్లే, 6 పిన్ మీద కార్డు 75 దాకా అడగొచ్చు. తట్టుకోగలిగినదానికంటే ఎక్కువ కరెంటు లాగితే ఆ పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరగొచ్చు. అట్టాగే ఒక కంపెనీ మాడ్యులర్ (ఎస్ఎంపీఎస్ నుంచి ఊడదీసి పెట్టుకునే) కేబుల్ ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్‌కి పెట్టొద్దు. కార్డు వైపు అన్నీ ఒకటే గానీ, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస ఎవరిది వాళ్లదే. ప్రాసెసర్ కేబుల్‌లో కూడా 8 పిన్నులే ఉంటాయి, చూడ్డానికి కార్డు కేబుల్‌లాగే ఉంటుంది, ప్లస్సు మైనస్సు మాత్రం తారుమారు. బలవంతంగా నొక్కితే బోర్డు, కార్డు రెండూ పోతాయి. కాలిన గుర్తు ఉంటే వారంటీ రావడం కష్టం.

ఇంకో పక్క, భయపడి 850 వాట్లది కొనే పని కూడా లేదు. ఆర్‌టీఎక్స్ 4060 తీసుకునేది 115 వాట్లు. ఎన్‌విడియా 550 వాట్లది పెట్టుకోమనేది, పెద్ద ప్రాసెసర్లనీ నాసిరకం యూనిట్లనీ కూడా దృష్టిలో పెట్టుకుని. ఐ5 12400 లాంటి ప్రాసెసర్‌తో నికరమైన 450 వాట్లది దాన్ని హాయిగా నడుపుతుంది. మీ దగ్గర అట్టాంటిది ఉంటే ఉన్నదే చాలని చెబుతాం. ఎస్ఎంపీఎస్ మార్చుకునేదానికి ఇప్పుడు డబ్బులు కుదరకపోతే చిన్న కార్డు చూపిస్తాం, లేదా కొన్నాళ్లు ఆగమంటాం. బేరం పోయినా సరే.

చూసినందుకు డబ్బులు తీసుకోం. బిగించాక మీ ముందే అరగంట పూర్తి లోడు మీద నడిపి, గోడ దగ్గర మీటర్లో ఎన్ని వాట్లు లాగుతోందో చూపించి అప్పుడే చేతికిస్తాం. బిగింపు ఛార్జీ బయట కొన్న కార్డుకైనా, మా దగ్గర కొన్నదానికైనా ఒకటే. ఉదయగిరి, వింజమూరు అంత దూరం నుంచి కేబినెట్ మోసుకుని బస్సెక్కేముందు వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపండి: ఎస్ఎంపీఎస్ లేబుల్ చదవడానికి వీలుగా, దాన్నుంచి వచ్చే కేబుల్స్ అన్నీ కనిపించేలా, కార్డు పట్టాల్సిన చోటు ఎంత ఉందో తెలిసేలా. ప్రాసెసర్ పేరు కూడా రాయండి. ఏ కార్డు పడుతుందో, ఏది పడదో అదేరోజు చెబుతాం.