మందులు వాడితే విశ్వాసం తగ్గినట్టా?

సంపాదకులకు నమస్కారములు.

మొన్న ఆదివారం మా ఊళ్లో మీ పత్రిక వేసే అబ్బాయి దాని మడతలో ఒక స్వస్థత కూడిక కరపత్రాన్ని కూడా పెట్టి ఇచ్చాడు. సందేహం విడిచిపెట్టినవారికి కూడిక జరిగే మూడు రోజుల్లోనే స్వస్థత కలుగుతుందని అందులో పెద్ద అక్షరాలతో ఉంది. ప్రార్థన వల్ల రోగి బాగుపడతాడని నమ్మేవాణ్ణి నేను. ప్రకాశం జిల్లాలోని ఒక చిన్న సంఘంలో చాలా ఏళ్లుగా పెద్దగా ఉంటూ, శుక్రవారం ఉపవాస ప్రార్థనల్లో రోగుల కోసం మోకరించినవాణ్ణి. అయినా ఆ కరపత్రం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మా చెల్లెలికి పద్నాలుగేళ్లుగా షుగరు వ్యాధి, ఇన్సులిన్ మీదే నడుస్తోంది. రెండేళ్ల క్రితం ఇలాంటి కూడికలోనే, ఇంకా సూదులూ మాత్రలూ దాచుకున్నవారు ప్రభువును సగమే నమ్మినట్టని ఒక బోధకుడు వేదిక మీద నుంచి చెప్పగా, ఆమె ఇంటికి వచ్చి ఇన్సులిన్ సీసాను ఫ్రిజ్‌లో కరివేపాకు పొట్లం వెనక్కి నెట్టేసి, పదకొండు రోజులు దాని జోలికి పోలేదు. అప్పటికే కాలికి ఉన్న చిన్న పుండు ముదిరింది. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. వార్డులో ఆమె పక్కన కూర్చున్నప్పుడు నన్ను అడిగింది ఆ వేళ్ల గురించి కాదు. "అన్నయ్యా, ప్రార్థన చేస్తున్నప్పుడు కూడా తగ్గుతుందో లేదో అని లోపల అనిపిస్తూనే ఉండేది. అందుకే ప్రభువు వినలేదంటావా?" అని అడిగింది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు గృహ ప్రార్థనల్లో తన వంతు వచ్చినప్పుడు "ఆమేన్" అని మాత్రం అని ఊరుకునేది.

ఆమె ప్రశ్నకు జవాబు కోసం నేను సువార్తలను మళ్లీ మొదటి నుంచి చదివాను. మార్కు తొమ్మిదో అధ్యాయంలో, మూర్ఛలతో నిప్పులోనూ నీళ్లలోనూ పడిపోయే కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని బిగ్గరగా మొరపెట్టుకుంటాడు. తనలో అపనమ్మకం ఉందని అందరి ఎదుటా ఒప్పుకున్న మనిషి అతను. ముందు నీ సందేహం పోగొట్టుకుని రా అని ప్రభువు అతణ్ణి వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ణి అప్పుడే బాగుచేశాడు. మత్తయి సువార్త పదిహేడో అధ్యాయంలో ఇదే సంఘటన చదివినవారికి ఇంకొకటి కనబడుతుంది. అల్పవిశ్వాసమనే గద్దింపు అక్కడ వచ్చింది, బాగుచేయలేకపోయి ఎందుకిలా జరిగిందని అడిగిన శిష్యులకు. అంటే పరిచర్య చేసేవారికి, రోగిని మోసుకొచ్చిన కుటుంబానికి కాదు. మన కూడికల్లో ఆ మాట ఎవరి మీద పడుతున్నదో బోధకులు ఒక్కసారి ఆలోచించాలి. ఆవగింజంత విశ్వాసం చాలునని ప్రభువు చెప్పింది కూడా ఆ సందర్భంలోనే. ఆవగింజ ఎంత ఉంటుందో పోపుల డబ్బా తెరిచిన ప్రతి ఇల్లాలికీ తెలుసు.

సందేహించేవాడు గాలికి ఎగిరిపడే సముద్రతరంగం లాంటివాడని బైబిల్లో యాకోబు పత్రిక, అంటే ఆయన రాసిన లేఖ, చెప్పలేదా అని కొందరు అడుగుతారు. చెప్పింది, నిజమే. కానీ దానికి ముందు వాక్యం జ్ఞానం కొదువైనవాడు దేవుణ్ణి అడగడం గురించినది. ఆ మాటల చివర యాకోబు తప్పుపట్టినది ద్విమనస్కుణ్ణి, అంటే దేవుడి వైపూ లోకం వైపూ రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాణ్ణి. రాత్రి రెండు గంటలకు నొప్పితో లేచి, వింటున్నావా ప్రభువా అని ఏడ్చే మనిషి రెండు పడవల మీద లేడు. వెళ్లడానికి అతనికి ఇంకో చోటు లేదు. "ఎన్నాళ్ల వరకు" అని దావీదు దేవుణ్ణే నిలదీశాడు. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను, రాబోవువాడవు నీవేనా అని అడిగి రమ్మని యేసు దగ్గరికే శిష్యులను పంపాడు. చెరలో ఉన్న పేతురు కోసం సంఘమంతా అత్యాసక్తితో ప్రార్థిస్తుంటే, ఆ పేతురే వచ్చి తలుపు తట్టాడని రొదే అనే చిన్నది పరుగున వచ్చి చెప్పినప్పుడు, ప్రార్థిస్తున్నవారే ఆమెను పిచ్చిదానవన్నారు. ఆ ప్రార్థనకు జవాబు అప్పటికే గుమ్మం బయట నిలబడి ఉంది.

ధైర్యంతో కృపాసనం దగ్గరికి రమ్మని హెబ్రీ పత్రిక పిలుస్తుంది. ఆ ధైర్యానికి ఆధారం మన మనసు నిబ్బరం కాదని, మన బలహీనతలను తానూ అనుభవించి ఎరిగిన ప్రధాన యాజకుడు అక్కడ ఉండటమేనని దానికి ముందు వాక్యమే చెబుతుంది. నేను గట్టిగా అడగగలుగుతున్నది ఆయన ఎలాంటివాడో తెలిసి, నా లోపల ఏ ఊగిసలాటా లేదని కాదు. మా చెల్లెలికి నేను చెప్పగలిగింది ఇంతే.

మా జిల్లావారికి దీనికి ఉదాహరణ దూరం నుంచి తెచ్చి చెప్పనక్కరలేదు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలై ఏళ్లు గడిచినా ఫలితం కనబడక, దాన్ని మూసేద్దామా అని పంపినవారే ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడ్డారు. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనరీలైన లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. మిషనరీ జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. మహా కరవు తర్వాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొండ మీది ప్రార్థనకూ ఆ రోజుకూ మధ్య ఇరవై నాలుగేళ్లు. మూడు రోజుల్లో జవాబు రాకపోతే నీ విశ్వాసంలోనే లోపమని తీర్పు చెప్పే లెక్క ప్రకారం చూస్తే, ఆ కొండెక్కినవారంతా విశ్వాసం లేనివారు కావాలి!

ఇక మందుల సంగతి. చావుకు దగ్గరైన జబ్బుతో హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించినప్పుడు దేవుడు అతనికి పదిహేనేళ్ల ఆయుష్షు వాగ్దానం చేశాడు. ఆ వాగ్దానాన్ని తెచ్చిన యెషయా ప్రవక్తే పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడు. మా చెల్లెలు ఇప్పుడు పొద్దున్నే సూది చేతిలో పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థించాకే వేసుకుంటుంది. గృహ ప్రార్థనల్లో మళ్లీ నోరు తెరిచి ప్రార్థిస్తోంది, మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ అందుకుంటుంది.

పాస్టర్లకూ సంఘ పెద్దలకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. వచ్చే ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదివేటప్పుడు, డాక్టరుతో చెప్పకుండా ఎవరూ మందు ఆపవద్దనీ, సందేహం ఉన్నవారు కూడా నూనె అభిషేకానికీ ప్రార్థనకూ ముందుకు రావచ్చనీ దయచేసి చెప్పండి. స్వస్థత కూడికలు జరిపేవారు ఆ మాటను తమ కరపత్రం మీద కూడా అచ్చువేయాలి.

ఇట్లు,
ఒక సంఘ పెద్ద,
ప్రకాశం జిల్లా.